చెయ్యి చాపితే ఆగిపోయే బండి

ఆ రోజుల్లో అంటే మరీ లాంతర్ల కాలం అనుకోకండి, పన్నెండేళ్ళ కిందటి మాట. అప్పటికింకా చార్జింగ్ బండి కనిపిస్తే తెనాలిలో జనం ఆగి చూసేవారు. ఇప్పుడు బాపట్లలో నేనుండే వీధిలోనే అరడజను ఉన్నాయి. లైసెన్సు అక్కర్లేని బండి గనక ఏ రూలూ అక్కర్లేదనుకుని, ఎదురుదారిలో ఫోను మాట్లాడుతూ చప్పుడు లేకుండా వచ్చేస్తుంటారు. న్యాయంగా అయితే వాళ్ళని చూసి నాకు కోపం రావాలి. కానీ రాదు. ఎందుకంటే ఉన్న రూల్సన్నీ అక్షరాలా పాటించబోయి మార్కెట్ సెంటరు మొత్తాన్ని ఆపేసిన ఘనత నాది.

మాది రేపల్లె దగ్గర పెనుమూడి. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసి, తెనాలిలో బాబాయి వాళ్ళింట్లో ఉంటూ, ఒక రక్తపరీక్షల ల్యాబులో మొదటి ఉద్యోగానికి చేరాను. పొద్దున్నే ఇళ్ళకి వెళ్ళి, పరగడుపున కూర్చున్న పెద్దవాళ్ళ దగ్గర రక్తం తీసి, డబ్బాలో పెట్టుకుని, తీసిన గంటలోపు ల్యాబుకి చేర్చాలి. ఇదీ పని. (పొద్దుటి కాఫీ ఇంకా పడని మనిషికి సూది గుచ్చడం ఎంత సాహసమో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకే తెలుసు.) ల్యాబు సార్ చేర్చుకునేటప్పుడే చెప్పారు, సొంత బండి ఉండాలి, దానికి లైసెన్సు ఉండాలి అని. నేను అప్పటికే లైసెన్సు పరీక్షకి రెండుసార్లు వెళ్ళొచ్చాను. మొదటిసారి కాలు కింద పెట్టాను. రెండోసారి ఎనిమిది వెయ్యమంటే సున్నా వేసి వచ్చాను.

ఇక్కడ బాబాయి రంగంలోకి దిగాడు. ఆయన ప్లీడరు గుమాస్తా. మా ఇళ్ళల్లో అందరూ సెక్షన్ బాబాయి అనేవారు, ఎందుకంటే పెరుగు పులిసినా అది ఏ సెక్షన్ కిందకి వస్తుందో చెప్పేవాడు. ఆయనే ఎక్కడెక్కడో చదివి, గంటకి పాతిక కిలోమీటర్లు దాటని చిన్న చార్జింగ్ బండికి లైసెన్సు అక్కర్లేదని కనిపెట్టాడు. "చట్టం ప్రకారం అది మోటారు వాహనమే కాదమ్మాయ్. సైకిల్ కింద లెక్క" అన్నాడు. ల్యాబు సార్ కూడా సరేనన్నారు. నేను ఎగిరి గంతేశాను. అసలు తిప్పలు అక్కడే మొదలయ్యాయని తర్వాత తెలిసింది.

బాబాయి దృష్టిలో అది సైకిల్ అయినప్పుడు నేను సైకిల్ లాగే నడుచుకోవాలి. రోడ్డుకి ఎడమవైపు అంచునే వెళ్ళాలి. వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మలుపు దగ్గర చెయ్యి చాపి సైగ చెయ్యాలి. "ఇండికేటర్ ఉంది కదా బాబాయ్" అంటే, "అది ముట్టుకోకు. ఇండికేటర్ వేశావంటే అది బండేనని నీ నోటితో నువ్వు ఒప్పుకున్నట్టే. ఆ వెంటనే లైసెన్సేదీ అంటారు" అన్నాడు. హెల్మెట్ కూడా అదే కారణంగా వద్దన్నాడుగానీ, పిన్ని ఊరుకోలేదు. "తలకాయ ఏ సెక్షన్ కిందకీ రాదు" అని తనే నా తలకి బిగించింది. ఆ ఇంట్లో బాబాయి మీద కేసు గెలిచేది పిన్ని ఒక్కతే.

అయితే మేమిద్దరం ఒక సంగతి ఆలోచించలేదు. సైకిల్ మీద చెయ్యి చాపినా కాళ్ళు తొక్కుతూనే ఉంటాయి. నా బండిని నడిపించేది కుడిచెయ్యే. కుడివైపు తిరగడానికి ఆ చెయ్యి వదిలి చాపగానే బండి నీరసపడి, నాలుగు గజాలు పోయి, సరిగ్గా రోడ్డు మధ్యలో ఆగిపోయేది. మళ్ళీ చెయ్యి లోపలికి తీసుకుని కదిలేదాన్ని. కదిలాక సైగ లేదని గుర్తొచ్చి మళ్ళీ చాపేదాన్ని. ఇలా ఒక్క మలుపుని మూడు విడతల్లో తిరిగేదాన్ని. ఎడమచెయ్యి ముక్కు ముందునుంచి కుడివైపుకి చూపించి కూడా ప్రయత్నించాను. అవతలివాళ్ళు నేను ఎవరినో పొమ్మంటున్నాననుకున్నారు. కోర్టు వేళ దాకా ఖాళీయే గనక బాబాయి రోజూ తన సైకిల్ మీద నా వెనకే వస్తూ, "చెయ్యి, చెయ్యి" అని గుర్తు చేసేవాడు. ఈ విన్యాసాల వల్ల అప్పటికే రెండుసార్లు ల్యాబుకి ఆలస్యంగా వెళ్ళాను. రెండోసారి సార్ నెమ్మదిగా, "పాపం ఆ పెద్దవాళ్ళని మళ్ళీ పస్తుపెట్టి మళ్ళీ గుచ్చాలమ్మా. ఇంకొక్కసారి ఇలా అయితే రేపటినుంచి రావద్దు" అన్నారు. ఆయన అరిచి ఉంటే బాగుండేది. పెనుమూడి తిరిగివెళ్ళి, ఉద్యోగం పోయిందని మా అమ్మతో చెప్పడం తలుచుకుంటేనే నాకు అన్నం దిగలేదు.

ఆ మర్నాడు డబ్బాలో ఆరుగురి రక్తం పెట్టుకుని మార్కెట్ సెంటరుకి వచ్చాను. "చెయ్యి" అని వెనకనుంచి వినపడింది. చాపాను. బండి ఆగింది. నా వెనక అరటిగెలల ట్రాలీ కూడా ఆగింది, కానీ గెలలు ఆగలేదు. సగం రోడ్డు మీదకి జారాయి. వాటిని తప్పించబోయి ఒక ఆటో అడ్డం తిరిగింది, ఆ ఆటోకి ఎదురుగా బస్సు నిలిచిపోయింది. హారన్లన్నీ ఒక్కసారి మోగుతుంటే నేను చెయ్యి దించడం కూడా మర్చిపోయి అలాగే కూర్చున్నాను.

ట్రాఫిక్ కానిస్టేబుల్ గారు వచ్చి నా చేతి వంక చూశారు. "ఏంటమ్మా, ఎవర్ని ఆపుతున్నావు?"

"ఎవర్నీ కాదండి. కుడివైపు తిరుగుతున్నానండి."

"లైసెన్సుందా?"

"అక్కర్లేదండి" అంటూ బాబాయి సైకిల్ దిగాడు. "అది సైకిలండి."

"సైకిలైతే హెల్మెట్ ఎందుకు పెట్టుకుందండి?"

"అది మా ఆవిడ పెట్టిందండి" అన్నాడు బాబాయి. ఆ కేసులో ఆయన వాదన బలహీనపడింది అక్కడే.

"సరే, మరి పెడల్సేవి?"

"సైకిల్‌కి పెడల్స్ ఉండాలని చట్టంలో ఎక్కడుందో చూపించండి బాబూ."

కానిస్టేబుల్ గారు ఓపికగలవారు. "ఇది నేను తేల్చేది కాదండి. అరగంటలో ఎస్సైగారొస్తారు, ఆయనే చెప్తారు. అందాకా బండి పక్కన పెట్టండి" అన్నారు.

నేను గడియారం చూసుకున్నాను. మొదటి రక్తం తీసి నలభై నిమిషాలైంది. ఆటోలన్నీ అరటిగెలల మధ్య ఇరుక్కుని ఉన్నాయి. నడిస్తే ఎటునుంచైనా అరగంట. అదే పక్కనున్న బజారులోంచి ఏదైనా ఎక్కి పోతే పది నిమిషాలు, కానీ అది వన్‌వే, మాకు ఎదురు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా సెంటర్లో నిలబడి ఏడ్చాను. "ఉద్యోగం పోతుంది బాబాయ్" అన్నాను.

బాబాయి డబ్బా వంక చూశాడు. బజారు మొదట్లో ఉన్న ప్రవేశం లేదన్న బోర్డు వంక చూశాడు. చాలాసేపు చూశాడనిపించింది. తర్వాత సైకిల్ స్టాండు తీసి, "వెనకెక్కు" అన్నాడు.

"డబుల్స్ కదా?"

"ఎక్కమన్నానా?"

ఎక్కాను. ఒళ్ళో డబ్బా, తలకి హెల్మెట్. బాబాయి ఆ వన్‌వేలో ఎదురు తొక్కడం మొదలుపెట్టాడు. పొద్దున్నే షాపులు తీస్తున్నవాళ్ళలో సగంమంది ఆయన్ని కోర్టులో ఎరిగినవాళ్ళే. "గుమాస్తాగారూ, ఇది వన్‌వే అండి" అన్నారొకరు. "తెలుసండి" అన్నాడు బాబాయి. ఇంకాస్త ముందుకెళ్ళగానే మరొకరు. "తెలుసండి" అన్నాడు మళ్ళీ. బజారు చివరిదాకా ఆయన ఆ ఒక్కమాటే అంటూ, తలవంచుకుని, రొప్పుతూ తొక్కాడు. చివర్న ఎడమకి తిరిగేటప్పుడు మాత్రం చెయ్యి చాపి పద్ధతిగా సైగ చేశాడు. నేను చున్నీ హెల్మెట్ మీంచి లాక్కుని, లోపల ముఖం దాచుకుని కూర్చున్నాను.

గంటకి ఇంకా అయిదు నిమిషాలుండగా డబ్బా ల్యాబులో పెట్టాను. సార్ గడియారం చూసి, డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. నా ఉద్యోగం నిలబడింది.

బాబాయి అట్నుంచి అటే సెంటరుకి తిరిగివెళ్ళాడట. ఎస్సైగారు బాబాయి చెప్పిందే నిజమనీ, ఆ బండికి లైసెన్సు అక్కర్లేదనీ తేల్చి, "కానీ ఆ ఇండికేటర్ వేసుకోమనండి మాస్టారూ, ఎవరూ కేసు పెట్టరు" అన్నారట. అన్నేళ్ళ గుమాస్తాగిరీలో బాబాయి పూర్తిగా గెలిచిన కేసు అదేనేమో. ఆయన మాత్రం కదల్లేదు. డబుల్స్ వెళ్ళాను, వన్‌వేలో ఎదురు వెళ్ళాను, రాసుకోండి అన్నాడు. ఎస్సైగారు నవ్వి, "సైకిల్ మీద ఏం రాస్తామండి, ఇంటికెళ్ళండి" అన్నారు. తర్వాతెప్పుడో ఆ కానిస్టేబుల్ గారే నాకు ఈ సంగతంతా చెప్పారు.

సాయంత్రం సెంటర్లో వదిలిన బండి తీసుకుని నేను ఇంటికి వచ్చేసరికి బాబాయి సైకిల్ గోడకి ఆనించి ఉంది. రెండు టైర్లలోనూ గాలి లేదు. పొద్దున సెంటరునుంచి ఇంటిదాకా నడిపించుకునే వచ్చాడని పిన్ని చెప్పింది. "రెండూ ఒక్కసారే పంచరయ్యాయా బాబాయ్?" అన్నాను. ఆయన పేపర్లోంచి తలెత్తలేదు. "పంచర్ కాదు. మా రోజుల్లో డబుల్స్ వెళ్తే పోలీసులు గాలి తీసేసేవాళ్ళు" అన్నాడు. అంతే, మళ్ళీ చదువుకోసాగాడు.

ఆ మాటకి అర్థం తెలియని వయసేం కాదు నాది, ఇరవైమూడేళ్ళు. కానీ నేను అప్పుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళి, సైకిల్ క్యారియర్ మీద కూర్చున్న నన్ను మా ల్యాబువాళ్ళెవరైనా చూసి ఉంటారా అని పిన్నిని పదేపదే అడిగాను. ఇప్పుడా పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు వెనకాలే కాస్త సిగ్గు కూడా వేస్తుంది.