శుక్రవారం వెలిగే ఇంజన్ లైటు

మొన్న పక్కింటాయన తన కొత్త బండిలో మీటరు పక్కన ఇంజన్ బొమ్మ లైటు వెలిగి ఆరిపోతోందని, నలభై ఏళ్లు మెకానిక్ పని చేసినవాణ్ని కదా ఒకసారి వచ్చి చూడమని గేటు దగ్గర నిలబడి పిలిస్తే, నాకు తెలియకుండానే మొహం తిప్పుకున్నాను. ఆయన నొచ్చుకున్నట్టున్నాడు. ఆయన మీద గానీ ఆయన బండి మీద గానీ నాకేమీ కోపం లేదు. ఆ లైటు మాటే నాకు పడదు, అంతే. కార్బురేటరును నోటితో ఊది బాగుచేసిన మన ఈడు వాళ్లకైతే ఎందుకో చెప్పుకోవచ్చు.

నేను పని నేర్చుకున్నది ఈ మదనపల్లెలోనే, మా మేనమామ షెడ్డులో. నిమ్మనపల్లె నుంచీ సదుం నుంచీ టమాటాలు, మేకలు, మనుషులు అందరినీ కలిపి మోసుకొచ్చే జీపులు మా దగ్గరికే వచ్చేవి. బండి రాగానే మామ స్పానరు పట్టేవాడు కాదు. డ్రైవరుకు టీ తెప్పించి, పక్కన కూర్చోబెట్టుకుని, ఏ మిట్ట ఎక్కేటప్పుడు మొరాయించింది, ఎండలోనా వానలోనా, చివరగా దీంట్లో చెయ్యి పెట్టిందెవరు అని పెళ్లి సంబంధం విచారించినట్టు విచారించేవాడు. ఇంకొక పట్టింపు కూడా ఉండేది ఆయనకు. శుక్రవారం పొద్దున్నే బానెట్ ఎత్తి ఇంజన్‌కు పైపుతో తలస్నానం చేయించాల్సిందే, మట్టి పేరుకుంటే ఆయిలు కారేది కనబడదని. ఆ తర్వాతే పసుపు, కుంకుమ, చక్రం కింద నిమ్మకాయ. ఆ ఇంజన్లు ఎన్ని నీళ్లు పోసినా దులుపుకుని లేచేవి, మేమూ అలాగే లేచేవాళ్లం.

మా అమ్మాయి కుప్పంలో ఒక ఆస్పత్రిలో నర్సు. అల్లుడికి మదనపల్లెలోనే ఉద్యోగం, కాబట్టి మా ఇంటి పైభాగంలోనే కాపురం. శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరి, శని ఆదివారాల డ్యూటీ ముగించుకుని సోమవారం తిరిగొచ్చేది. మా వంశంలో స్టీరింగు పట్టిన మొదటి ఆడపిల్ల, పైగా తన జీతంతో తానే కొనుక్కున్న పెద్ద బండి. నా గర్వం చూడాలి మీరు! ప్రతి శుక్రవారం తెల్లవారగానే ఆ బండికి నా చేత్తో నేనే స్నానం చేయించి, బొట్టు పెట్టి, ఆ తర్వాతే నేను కాఫీ తాగేవాణ్ని.

రెండేళ్ల కిందట అలాంటి ఒక శుక్రవారమే, పుంగనూరు దాటాక మిట్ట ఎక్కుతుంటే ఆ లైటు వెలిగింది. బండి లాగడం మానేసింది, వెనక లారీలు హారన్లు కొడుతుంటే పిల్ల చెమటలు కక్కుతూ పక్కకు తీసుకుందట. సోమవారానికి లైటు దానంతటదే ఆరిపోయింది. మంగళవారం సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాం. ఛీ, ఆ చోటు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. తాళం లాక్కుని మమ్మల్ని చల్లటి అద్దాల గదిలో కూర్చోబెట్టారు, ఎవరో వచ్చి బండికి ఒక ప్లగ్గు గుచ్చి, పలకలాంటి దాన్ని చూసి, పాత లోపం తాలూకు కోడ్ ఏదో ఉంది తీసేశాం అన్నారు. మళ్లీ శుక్రవారం వెలిగింది. మళ్లీ వెళితే సెన్సార్ మార్చాం అన్నారు. మూడోసారి కూడా ఒక్కడంటే ఒక్కడు ఆ బండిలో కూర్చుని నాలుగు మైళ్లు తోలి చూసిన పాపాన పోలేదు. పైగా అక్కడి మనిషి, బండి మా అమ్మాయిదని తెలిసి కూడా ఆమె వైపు చూడకుండా అల్లుడి వైపు తిరిగి, మేడమ్‌గారు సగం క్లచ్ మీద కాలు పెట్టి నడుపుతున్నట్టుందని నవ్వాడు.

వాణ్ని అనేముందు నన్ను నేను అనుకోవాలి. ఆ రోజు ఇంటికొచ్చే దారిలో, నలభై ఏళ్ల అనుభవం ఉన్న ఈ పెద్దమనిషి, అవునమ్మా నువ్వు గేరు ఆలస్యంగానే మారుస్తావు అని వంత పాడాడు. ఆ తర్వాతి శుక్రవారం పలమనేరు దగ్గర లాగక ఆగిన బండిని వెనక లారీ రాసుకుంటూ పోయేసరికి అల్లుడు తాళం తీసేసుకున్నాడు. మా అమ్మాయి సంచీ భుజాన వేసుకుని, పలమనేరులో బస్సు మారుతూ కుప్పం పోవడం మొదలుపెట్టింది. బండి ఊళ్లోనే తిరిగింది, నా శుక్రవారం స్నానాలు మాత్రం తప్పలేదు. ఇప్పుడు అల్లుడి చేతిలోనూ లైటు వెలిగింది, అదీ ఆమె పాడుచేసి పెట్టిందే అన్నాడాయన.

అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు. ఒక శుక్రవారం పొద్దున, కడిగి బొట్టు పెట్టిన బండిని నేనే పుంగనూరు తోలాను. అక్కడ నా బావమరిది, అంటే ఆ మామ కొడుకే, బండ్ల కరెంటు పని చేస్తాడు. ఊరు చేరేసరికి లైటు వెలుగుతూనే ఉంది. అతను బానెట్ ఎత్తలేదు. టీ తెప్పించి, పక్కన కూర్చోబెట్టి, ఇది ఏయే దినాల్లో వెలుగుతుందని అడిగాడు. శుక్రవారమే అన్నాను.

“శుక్కరారం పొద్దున దీంట్లో చెయ్యి పెట్టేదెవురు బావా?”

గ్లాసు కింద పెట్టాను. అతను నా మొహం చూసి లేచి, ఇంజన్ పక్కనున్న ఒక వైరు జాయింటు ఊడదీశాడు. రబ్బరు పగిలి ఉంది, లోపల పచ్చటి చిలుము, నా పైపు నీళ్లు రెండు చుక్కలు అతని వేలి మీద పడ్డాయి. అవి సోమవారానికి ఆరిపోతే లైటూ ఆరిపోయేది.

“ఇది మా నాయన జీపు కాదు బావా,” అన్నాడు, నవ్వకుండా.

అరగంటలో చిలుము గీకి, కొత్త రబ్బరు వేశాడు. ఇంటికొచ్చి అల్లుడి ముందే తప్పు నాదని చెప్పాను. ఓహో నీళ్లా అని అతను ఫోన్లో తల దూర్చాడు. నేను తాళం తీసి అమ్మాయి చేతిలో పెట్టాను. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

“మూణ్ణెల్లుగా నాకు బండి తోలేది రాదనే అనుకుంటి నాయనా,” అంది, తాళం మేకుకు తగిలించేసింది.

మామ షెడ్డులో ఎప్పుడైనా డ్రైవరు మీద నింద పడి, అది తప్పని తేలితే, మామ ఆ డ్రైవరు పక్క సీట్లో ఎక్కి కూర్చుని, బజారంతా చూసేటట్టు ఊరు చుట్టూ తిప్పమనేవాడు. దాంతో మనిషి మళ్లీ మనిషయ్యేవాడు. ఇప్పుడు లోపాన్ని పట్టే మిషన్లు వచ్చాయి, పక్కన కూర్చునే మనిషే లేడు. ఆ లైటు మళ్లీ వెలగలేదు. నేను ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆ బండి తలుపు తీసి, ఎడమవైపు సీట్లో బెల్టు కూడా పెట్టుకుని కూర్చుంటాను. మా అమ్మాయి సంచీతో మెట్లు దిగి వచ్చి, బస్సుకు టైమవుతాండాది నాయనా, మళ్లీ చూద్దాంలే అని గేటు వేసుకుని వెళ్లిపోతుంది.