మంగుమచ్చల క్రీమ్

మంచిర్యాల బస్టాండులో ఆ మధ్యాహ్నం నాకు అద్దం చూసుకోవాలంటేనే విసుగ్గా ఉంది. మంగుమచ్చలకని నాలుగు నెలలుగా క్రీమ్ రాస్తున్నా చెంపల మీది నలుపు ఇసుమంతైనా తగ్గలేదు. పొద్దున్నుంచి ముగ్గురు "ముఖానికేమైంది?" అని అడిగారు. అయినా ట్యూబు తీసి రాసుకుంటుంటే, పక్కన కూర్చున్నామె దాని మీది బొమ్మను వంగి చూసింది.

"గిది పుట్టగొడుగులదా, చెల్లె?"

"ఔ. వాటి రసంతోనే చేస్తరట. ఏం ఫాయిదా లేదు" అని కసురుకున్నాను.

"మా బోథ్ దిక్కు వానలు పడితే మస్తు మొలుస్తయి. కూరొండుకుంటం. ముఖానికి పెట్టుకుంటరని నాకెర్కే లేదు" అంటూ ఆమె తన చెంప తడుముకుంది. "నాకు గీ మంగు పదేండ్ల సంది ఉన్నది. ఏమైందని నన్ను ఒక్కలు గూడ అడగలే."

అప్పుడు చూశాను ఆమె ముఖం. మచ్చలు నావాటికంటే పెద్దవి, రెండు చెంపలనూ కమ్మేసి ఉన్నాయి. ఇంతసేపూ పక్కనే కూర్చుని నేనూ చూడలేదు.

"రాసుకో అక్కా" అని ట్యూబు అందించాను. ఆమె వేలికి కొంచెం తీసుకుని, అద్దమైనా అడగకుండా రాసుకుని, తన బస్సు రాగానే వెళ్లిపోయింది.

నా మచ్చలు ఇంకా పోలేదు. విసుగూ పోలేదు. కానీ ముఖానికేమైందని ఎవరైనా అడిగితే, ఇప్పుడు ఆగి జవాబు చెబుతున్నాను.