ఎల్విన్ పటకార్లు

జేబులో పటకారు లేకుండా ఎల్విన్ టోర్గర్సన్ గడప దాటడు. పొయ్యి మీంచి గిన్నె దించే పటకారు కాదు, తూటాలు కట్టే పటకారు. పేలిపోయిన తూటా ఇత్తడి గుల్లని దాని నోట్లో పెట్టి నొక్కితే అడుగున నిప్పు రాజేసే చిన్న టోపీ, మాడిపోయింది, ఊడి వస్తుంది. కొత్త టోపీ కూర్చుంటుంది. తుపాకీ మందు పోశాక సీసపు గుండు పైన బిగుస్తుంది. ఒక్కో రకం తూటాకి ఒక్కో పటకారు కావాలి. అన్నీ తాతల కాలం నాటివే. వ్యోమింగ్‌లో ఏ మూల ఏ రైతు సామాను వేలానికి వచ్చినా జనమంతా ట్రాక్టర్ల దగ్గర మూగుతారు. ఎల్విన్ మాత్రం తుప్పు పట్టిన డబ్బాల్లో మోచేతుల దాకా చేతులు పెట్టి కెలుకుతుంటాడు.

ఓసారి చర్చిలో ఎవరిదో అంత్యక్రియల ప్రార్థన జరుగుతోంది. ఎల్విన్‌కి ఏడుపొచ్చి జేబురుమాలు లాగాడు. దానితోపాటు పటకారు వచ్చి ఠంగుమని నేల మీద పడింది. ఊరంతా వెనక్కి తిరిగింది.

"పోయినాయనకి కూడా వినపడి ఉంటుంది ఎల్విన్," అన్నాడు పాస్టరు.

"క్షమించండి. ఇది కొంచెం బరువు రకం," అన్నాడు ఎల్విన్, కళ్ళు తుడుచుకుంటూ.

పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమంటే, "ముందు మీ చేతిలో పటకారు ఏ కాలందో చెప్పండి," అన్నాడట. అన్నాడో లేదో గానీ ఊరు మాత్రం నమ్మింది.

పొద్దునపూట అతని మకాం లొరేన్ ఫలహారశాలలో కిటికీ పక్క బల్ల. అక్కడ తుపాకీ మందు ముట్టుకోనని లొరేన్‌కి మాటిచ్చాడు కాబట్టి ఖాళీ గుల్లలు మాత్రం తెచ్చుకుని నొక్కుతూ కూర్చునేవాడు. ఒక గుల్ల తీసి వెలుతురుకి పెట్టి చూసేవాడు, ఊదేవాడు, మళ్ళీ చూసేవాడు. ఈలోగా కాఫీ చల్లారిపోయేది.

"మిషను కొనుక్కోవయ్యా! చిటికెలో బుట్టెడు తూటాలు చేసి పడేస్తుంది," అనేది లొరేన్.

"బుట్టెడు ఏం చేసుకోను? నాకంత మంది శత్రువులు లేరు."

లొరేన్ చిరాకుకి కారణం ఉంది. ఆమె తల్లి ఆగస్టాకి ఎనభై దాటాయి. ఏటా శరదృతువులో ఊరి గురి పోటీలో, పోయిన మొగుడి తుపాకీతో ఇనప రేకుని కొట్టకపోతే ఆవిడకి ఆ ఏడు గడిచినట్టుండదు. తూటాలు ఎల్విన్ కట్టినవే కావాలి. ఆ మహానుభావుడేమో పోటీ మొదలయ్యే వేళకి రొప్పుకుంటూ తెచ్చిస్తాడు. తెచ్చినవైనా దమ్మున్నవా అంటే అదీ లేదు. ఆగస్టా పేల్చిన గుండు రేకు దాకా వెళ్ళి, తగలనా వద్దా అని ఆలోచించుకుని తగులుతుందని కుర్రకారు వేళాకోళం.

"పటకారుకి ముసలితనం వచ్చేసింది ఎల్విన్!"

"అవును, పట్టు సడలింది," అని ఒప్పేసుకునేవాడు.

ఈ ఏడు లొరేన్ అతనితో చెప్పకుండా కొట్టులో తూటాల పెట్టె కొని, ముందుగా తనే తల్లి తుపాకీతో ఇంటి వెనక పచ్చిక బయల్లో పేల్చి చూసింది. తుపాకీ గుర్రంలా తన్నింది. లొరేన్ రెండడుగులు వెనక్కి పడి, భుజం పట్టుకుని తెలిసిన తిట్లన్నీ తిట్టింది. తుపాకీ చెడిందేమోనని, నిరుడు మిగిలిన ఎల్విన్ తూటా ఒకటి పెట్టి పేల్చింది. ఈసారి పిల్లి కాలితో నెట్టినట్టయింది, అంతే.

లొరేన్‌కి పాత సంగతి గుర్తొచ్చింది. కొన్నేళ్ళ కిందట తల్లి గుర్రం మీంచి పడి భుజం ఎముక విరగ్గొట్టుకుంది. ఇక తుపాకీ ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. "అయితే డాక్టర్ని మార్చండి," అంది ఆగస్టా.

లొరేన్ తిన్నగా ఎల్విన్ షెడ్డుకి వెళ్ళింది.

"అమ్మ తూటాల్లో మందు తగ్గిస్తున్నావు కదూ?"

"పటకారు పాతది కదమ్మా..."

"పటకారు మందు పొయ్యదు. నువ్వు పోస్తావు."

ఎల్విన్ చేతిలోదాన్ని గుడ్డతో తుడిచాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"ఆవిడని మానమంటే మానుతుందా? గుండు రేకు దాకా వెళ్ళాలి, భుజానికి తెలియకూడదు. ఆ రెండూ కుదిరేదాకా కట్టి, పేల్చి చూసుకుంటుంటాను. అందుకే అంత ఆలస్యం. పైగా ముందే ఇచ్చాననుకో, పక్కవాళ్ళకి పంచిపెడుతుంది. వాళ్ళు పేలిస్తే గుట్టు బయటపడిపోదూ?"

"ఊరంతా నవ్వుతోంది కదయ్యా!"

"నవ్వేది నన్నేగా."

లొరేన్ వెళ్ళి, ఒక తూటా తగ్గిన ఆ పెట్టెను కొట్టులో తిరిగిచ్చేసింది.

పోటీ రోజున ఆగస్టా నిలబడి పేల్చింది. రేకు తాపీగా ఠంగుమంది. పక్కన పెద్ద తుపాకీ పేల్చిన కుర్రాడు భుజం రుద్దుకుంటున్నాడు.

"ఏంట్రా ఆ మూలుగు? ఇంత వయసొచ్చింది, నా భుజం చూడు!" అంది ఆగస్టా.

"మా అమ్మది ఇనప భుజం," అంది లొరేన్, మొహం ఏమాత్రం మారకుండా. ఎల్విన్ తన బూట్లకేసి చూసుకున్నాడు.

ఆగస్టా ఉత్సాహం ఆగలేదు. "ఈ తుపాకీ మరీ పిల్లలాటగా ఉంది. వచ్చే ఏడు మా తాత అడవిదున్నల్ని కొట్టిన తుపాకీ గోడ మీంచి దించుతాను!"

ఎల్విన్ మొహం పాలిపోయింది. కాసేపటికి అదే మొహం, పండక్కి కొత్త బొమ్మ కొనిస్తామని విన్న పిల్లాడిలా మెల్లగా విచ్చుకుంది.

"దానికి సరిపడే పటకారు నా దగ్గర లేదే!" అన్నాడు లొరేన్ చెవిలో.

"షెరిడాన్ పట్నం అవతల శనివారం వేలం ఉందట. బండి నేను తీస్తా. తుప్పు డబ్బాల్లో సగం నువ్వు వెతుకు, సగం నేను వెతుకుతా," అంది లొరేన్ అంతే మెల్లగా.

"ఏంటే ఆ గుసగుసలు?" అంది ఆగస్టా.

"ఏం లేదమ్మా. పటకార్ల గురించి."

ఆగస్టా తల పట్టుకుంది. "అయ్యో నా తల్లీ, నీక్కూడా అంటుకుందా!"