ముందే చెప్పిన సాక్ష్యం

ఇంతవరకు నన్ను నడిపించిన దేవునికి స్తోత్రం. నా చేతులకు పని ఇచ్చి, ఆ పనిలో తన పట్ల భయాన్ని కూడా ఉంచిన ఆయన నామానికి మహిమ కలుగును గాక.

నేను శంషాబాద్‌లో విమానాల మరమ్మతు ఇంజనీరును. మామిడిపల్లిలో మా చర్చి సంఘపెద్దకు, మేమంతా పెద్దన్న అని పిలిచే ఆయనకు, విత్తనాల వ్యాపారం. నాందేడ్, బళ్ళారి, కడప అంటూ నెలలో సగం రోజులు కారులోనే గడిచిపోతున్నాయని, వాడిన చిన్న జెట్ ఒకటి, ఆరు సీట్లది, కొనాలనుకున్నారు. కొనేముందు తనిఖీ చేసి నివేదిక రాయమని నన్నే అడిగారు.

మా సంఘంలో ఎవరు బండి కొన్నా తాళంచెవి మొదట పాస్టరుగారి చేతిలో పెడతారు. ఆయన ప్రార్థన చేసి తిరిగి ఇచ్చాకే బండి కదులుతుంది. పెద్దన్న అంతవరకు ఆగలేదు. తనిఖీకి ముందే ఆదివారం ఆరాధనలో లేచి, “దేవుడు నాకు విమానం ఇచ్చిండు” అని సాక్ష్యం చెప్పేశారు. శనివారం విమానం నిలిపి ఉంచిన హ్యాంగరులో ప్రార్థన, ఆ తర్వాత అందరికీ భోజనాలు అని కూడా ప్రకటించారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే. అప్పటికి నేను ఆ విమానాన్ని చూడనే లేదు.

బుధవారం చూశాను. ఇంజన్లు బాగున్నాయి. రంగు కొత్తగా మెరుస్తోంది. వెనుక టాయిలెట్ కింద నేలపలక విప్పితే, విమానం ఒంటిని పట్టి ఉంచే అడ్డపట్టీ మీద ఉప్పులాంటి తెల్లటి పొడి కనిపించింది. అల్యూమినియానికి పట్టే తుప్పు అలాగే ఉంటుంది. గీకితే లోహం పొరలుగా లేచి వచ్చింది. ఏళ్ళ తరబడి కారిన నీళ్ళు దాన్ని తినేశాయి.

సాయంత్రం పెద్దన్న వచ్చారు. చెప్పాను.

“చిన్నదే గద తమ్ముడూ. బాగనే ఉన్నదని రాయి. తర్వాత చేయించుకుంట.”

“చిన్నది కాదన్నా.”

“సంఘమంత ఇన్నది. శనివారం మటన్‌కు గూడ చెప్పిన. ఇగ ఏ ముఖం పెట్టుకొని లేదని చెప్పాలె? నువ్వు గూడ ఆమెన్ అంటివి!”

“ఆమెన్ అన్న, నిజమే. చూడకుండనే అన్న. తప్పు నాది గూడ.”

టార్చి చేతికిచ్చి లోపలికి రమ్మన్నాను. ఆయన వంగి లోపలికొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పొడిని వేలితో తాకారు.

“మీ వదినను దీంట్లనే తీస్కపోతనంటి,” అన్నారు వేలు తుడుచుకుంటూ. “ఉన్నదున్నట్టు రాయి.”

ఈ స్థితిలో కొనదగినది కాదని రాసి సంతకం పెట్టాను. శనివారం ప్రార్థన, భోజనాలు ఆగిపోయాయి.

ఆదివారం ఆరాధనలో ఆయన అదే చోట నిలబడ్డారు. “పోయిన వారం తొందరపడ్డ. దేవుడు ఇయ్యకముందే ఇచ్చిండని చెప్పిన. నన్ను క్షమించుండ్రి.”

వెనక వరుస నుంచి ఒక అక్క అడిగింది: “అయితే మటన్ గూడ లేనట్టేనా అన్నా?”

“ఉన్నదక్కా. అది మాత్రం జూసే తెచ్చిన.”

అందరితో పాటు ఆయన కూడా నవ్వారు.

వచ్చే వారం ఇంకో విమానం చూడాలి. అది బాగుండాలని నాకూ ఆశగానే ఉంది. ఆ ఆశే నాకు భయం. అందుకే, చదువుతున్న మీరూ నాతో కలిసి ఒక్క క్షణం తల వంచండి: ప్రభువా, ఉన్నదాన్ని చూసే కన్ను, చూసినదాన్ని రాసే చెయ్యి ఇవ్వు. ఈసారీ కాదంటే, మా పెద్దన్నకు ఇంకొన్నాళ్ళు కారులో తిరిగే ఓర్పు ఇవ్వు. ఆమెన్.