రైలు డబ్బాలో నాకు పోసిన శాక

ఆసిఫాబాద్ ఆడపిల్లల బడిలో నాకు ఉద్యోగం వచ్చిందంటే మా ఇంట్లో ఒక్కరూ సంతోషించలేదు. పదమూడో ఏట నుంచి నాకు చక్కెర జబ్బు. పూటపూటా ఇన్సులిన్ సూది పడాల్సిందే. కరీంనగర్ బస్టాండు దాకా వచ్చిన అన్నయ్య మళ్లీ అదే పాట పాడాడు.

"చేరిరా పో. గని దారిల ఒక్కసారి పడ్డవనుకో, నౌకరి బందు. ఇంట్లనే కూసోవాలె."

"పడను తియ్యే" అన్నాను. పంతం నాకు కొత్త కాదు.

ఆరింటి బస్సు సుల్తానాబాద్ మీదుగా పెద్దపల్లి చేరేసరికి ఎనిమిది. స్టేషనులో ఓ మూలకు వెళ్లి సూది వేసుకున్నాను. ఉప్మా కొనేలోపే బండి వచ్చేసింది. గంటలో మంచిర్యాల వస్తుంది, అక్కడ పూరీలు తినొచ్చు అనుకుని ఎక్కేశాను. ఈ దారిన పోయేవారు, జబ్బున్నా లేకున్నా, రైలును నమ్మి కడుపు మాడ్చుకోకండి!

జనానా డబ్బా నిండా బెల్లంపల్లి వైపు అమ్మవారి జాతరకు పోతున్న ఆడవాళ్లు. పసుపు, బెల్లం, ముంతలు, కోళ్లు. నా పక్కన రాజవ్వ అనే పెద్దామె ఒళ్లో కూడా ఓ కోడి.

"జర అటు జరుగు బిడ్డా, పొడుస్తది" అంది.

రామగుండం దాటాక బండి ఆగిపోయింది. ముందు బొగ్గు బండి నిలిచిపోయిందట. అరగంట గడిచింది, గంట గడిచింది, కదిలితే ఒట్టు.

మొదట చెమట పట్టింది. తర్వాత చేతులు వణికాయి. అదేమిటో నాకు తెలుసు: సూది పడి తిండి పడకపోతే ఒంట్లో చక్కెర పడిపోతుంది. పటికబెల్లం పొట్లం ఒళ్లో సంచిలోనే ఉంది. కానీ సంచి విప్పాలని వేళ్లకు తోచదే! పోనీ పక్కవాళ్లకు చెబుదామంటే, జబ్బు సంగతి బయట అనొద్దని కన్నతల్లి, మా అవ్వ, చిన్నప్పటి నుంచీ నూరిపోసింది. చచ్చిపోతానని నిజంగా భయం వేసింది. చివరికి నోటి నుంచి ఊడిపడింది ఒకే మాట: "అన్నం... అన్నం..."

"ఓ యవ్వో! పిల్లకు అమ్మ పూనింది!"

"బోనం అడుగుతున్నది తల్లి!"

డబ్బా అంతా లేచి నిలబడింది. ఎవరో నా నుదుట పసుపు పూశారు. రాజవ్వ చేతులు జోడించి, "మా కోడలికి కాన్పు సుకంగ అయితదా, జెప్పు తల్లీ" అని అడిగిందట. నేను మళ్లీ అన్నమే అన్నానట.

పూనిన అమ్మవారిని చల్లబరచడానికి మా వైపు శాక పోస్తారు. శాక అంటే బెల్లం కలిపిన నీళ్లు. ఎవరో దాన్ని నా కాళ్ల మీద పోయబోయారు. రాజవ్వ అడ్డుపడింది.

"తల్లి నోటితోని అడుగుతుంటె కాళ్లకు పోస్తరా? నోట్లె పొయ్యుండ్రి!"

ముంత నా పెదవులకు ఆనింది. ఒక గుటక దిగింది, ఇంకోటి దిగింది. బతికిపోయాను!

కాసేపటికి చూపు నిలిచింది. చూస్తే, డబ్బా అంతా నా ముందు చేతులు జోడించుకుని ఉంది. నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

"నేను అమ్మను కాదవ్వా. నాకు చక్కెర బీమారి. సూది ఏసుకొని తినలే, గందుకే గిట్లయింది."

అంతమంది ముందు మొదటిసారి చెప్పేశాను. రాజవ్వ చిన్నబుచ్చుకుంది.

"అయితే మా కోడలి సంగతి?" అని గొణిగింది గానీ, వెంటనే మూట విప్పి జొన్నరొట్టె, వంకాయ కూర నా చేతిలో పెట్టింది. "తిను ముందుగాల. సూది ఎవలిస్తరు నీకు?"

"నేనే ఇచ్చుకుంట."

"దినాం? అవ్వో! కోడిని కొయ్యాల్నంటేనే నాకు చేతులాడవు."

రెండింటికి ఆసిఫాబాద్ రోడ్డులో దిగాను. అక్కడి నుంచి బస్సులో ఊళ్లోకి వెళ్లి ఉద్యోగంలో చేరాను. ఓ పెద్ద పంతులమ్మ ఇంట్లో గది దొరికింది. సోమవారం నుంచి పాఠాలు చెప్పాలన్నారు. మర్నాడు తిరుగు బండిలో కూర్చుంటూనే పక్కామెకు నా జబ్బు సంగతి చెప్పాను. "గంతేనా?" అని ఆమె నాకు కిటికీ వైపు చోటిచ్చింది. ఇన్నేళ్లూ దీనికేనా ఇంత దాచుకున్నానని గుండె తేలికైంది.

కరీంనగర్‌లో బస్సు దిగగానే అన్నయ్య ఎదురొచ్చాడు.

"దారిల ఏం కాలే గదా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "అయిందే" అన్నాను. మొత్తం చెప్పాను. చెబుతున్నకొద్దీ అతని మొహం మాడిపోయింది. ఇక నౌకరి గోవిందా అనుకున్నాను.

అన్నయ్య నా సంచి అందుకుని నడక మొదలుపెట్టాడు.

"సోమారం ఎన్నింటి బస్సుకు పోతవ్? అవ్వతోని సద్ది కట్టిస్త."