తీసి చూడకు

ఐర్లండ్‌లో స్లైగో నుంచి డబ్లిన్ వెళ్ళే రైల్లో ఒక తెలుగు పెద్దావిడ నా ఎదుటి సీట్లో కూర్చుంది. ఆ పొద్దున మా ఆవిడను అంబులెన్సులో డబ్లిన్ పంపారు. పాపను స్నేహితుల ఇంట్లో వదిలి నేను వెనకాల బయల్దేరాను. గుండె ఆపరేషన్ అయిందిగానీ రక్తం ఆగడం లేదని, ఇంకా థియేటర్లోనే ఉంచామని రైల్లో ఉండగా ఫోన్ వచ్చింది. అదే మా తమ్ముడికి తెలుగులో చెప్పి పెట్టేశాను. కుదురుగా కూర్చోలేక బొటనవేలి మీద పాత గాయం పెచ్చు గీకుతున్నాను. అది ఊడి రక్తం వచ్చింది.

ఆమె టిష్యూ తీసి నా వేలిని గట్టిగా నొక్కిపట్టింది.

"నేను థియేటర్ నర్సుని బాబూ. నీ మాటలు విన్నాను."

"అంత పెద్ద ఆసుపత్రిలో రక్తం ఆపలేరా ఆంటీ?" కసిరినట్టే అడిగాను.

"ఆపరేషన్లో గుండె బదులు పనిచేసే మిషన్ మీద ఉన్నంతసేపూ రక్తం గడ్డకట్టకుండా వాళ్ళే మందిస్తారు. అయ్యాక కట్టడానికి ఇంకోటిస్తారు. ఒక్కోసారి కట్టిన గడ్డని ఒళ్ళే కరిగించేస్తుంది. దానికీ మందుంది. కాస్త టైమ్ పడుతుంది."

నేను టిష్యూ ఎత్తబోయాను. చేతిమీద ఒక్కటి వేసింది.

"తీసి చూడకు! చూసినప్పుడల్లా మళ్ళీ మొదటికొస్తుంది. థియేటర్లో కొత్తవాళ్ళకి ముందు నేర్పేది ఇదే. గడియారం చూసుకో, ఐదు నిమిషాలు."

ఆమె లాంగ్‌ఫర్డ్‌లో దిగిపోయింది. నేను డబ్లిన్ దాకా వేలు వదల్లేదు. ఫోన్ మోగితే పక్కనున్న ఐరిష్ పెద్దాయన ఎత్తి నా చెవి దగ్గర పెట్టాడు.

మొన్న ఉల్లిపాయలు తరుగుతూ వేలు కోసుకున్నాను. మా ఆవిడ వచ్చి నొక్కిపట్టి గోడ గడియారం చూస్తూ నిలబడింది. తీసి చూడబోతే చేతిమీద ఒక్కటి వేసింది.