అన్నీ పసుపే

కరెంటును సమానంగా పంచబోయి వీధి మొత్తానికీ సమానంగా చీకటి పంచిన ఘనుణ్ణి నేనే. నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పుడే కుదురుగా కూర్చోండి. మధ్యలో నవ్వితే నాకు రోషం వస్తుంది.

దమ్మపేటలో కోళ్ల బోన్లు చేసే షెడ్డు పెట్టిన కొత్త. ఇనుప ఊచలను స్పాట్ వెల్డింగుతో అతికించాలి. పెడల్ తొక్కితే చాలు, మిషన్ ఒక్క గుక్కలో బోలెడంత కరెంటు తాగేది. ఆ గుక్కకి పక్కనే టైలర్ దుకాణంలో బల్బు మసకబారేది, కుట్టుమిషన్ మూలిగేది. ఆ టైలరే మా షెడ్డు యజమాని ఖాజా భాయ్. ఇంకోసారి గిట్లయితే షెడ్డు ఖాళీ చెయ్యమన్నాడు. నాకున్న బతుకుదెరువల్లా ఆ షెడ్డే. నిజంగానే భయమేసింది.

అయినా డిప్లొమా చదివినవాణ్ణి కదా! ఊరికి కరెంటు మూడు ఫేజుల్లో వస్తుంది: ఎరుపు, పసుపు, నీలం. మా వీధి ఇళ్లన్నీ ఉన్నది పసుపు మీద. నా మిషన్ కూడా ఆ ఒక్కదాని మీదే పడి పీలుస్తోంది. మూడింటినీ సమానంగా లాగే పెద్ద మిషన్ కొనమని ఖమ్మం డీలరు మొత్తుకున్నాడు. నేను వింటేగా! ఉన్నదానికి తోడు అలాంటివే మరో రెండు పాతవి తెచ్చాను. ఫేజుకొక మిషన్, నేనూ మా ఇద్దరు వెల్డర్లూ ఒకేసారి తొక్కితే లెక్క బరాబర్.

"మూడు తొక్కితే మూడింతలు గుంజదా తమ్మీ?" అన్నాడు ఖాజా భాయ్.

"పంచుకొని గుంజుతది భాయ్. మీ బల్బుకు తెల్వనే తెల్వది."

వెల్డర్లలో ఒకడైన సత్యం మిషన్లకు మూడు రంగుల వైర్లు బిగించాడు. దసరా పూజలో మా అమ్మ మిషన్లతో ఆగలేదు, వైర్ల కొసల దాకా పసుపు దట్టంగా పట్టించింది. మర్నాడు సాయంత్రం సత్యాన్ని బోర్డు దగ్గరికి పంపి, రంగుకు రంగు కలపమని చెప్పి, నేను పెడల్ మీద కాలేసి కూర్చున్నాను.

"అన్నా, అన్నీ పసుపే ఉన్నయ్."

పూజ పసుపు గురించి గొణుగుతున్నాడనుకున్నాను. "ఉండనియ్యి. రంగు చూసి పెట్టు, జల్దీ."

వాడు చూసే పెట్టాడు. మూడు వైర్లూ పసుపు ఫేజుకే!

ఖాజా భాయ్‌ని పిలిచి మరీ పక్కన నిలబెట్టుకుని, వెల్డర్లిద్దరూ పెడళ్ల మీద కాళ్లేయగానే, "ఒకటి, రెండు, తొక్కు" అన్నాను. ఢామ్మని వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పేలింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను డిప్లొమా చేస్తే ఉన్న ఫేజు పోయింది.

చీకట్లో ఖాజా భాయ్ గొంతు నెమ్మదిగా వినిపించింది. "నిజమే తమ్మీ. నా బల్బుకు తెల్వనే లేదు. తెలిసేలోపే పాణం పోయింది."

"ఇంకింత పసుపు పూద్దామంటే విన్నవా?" అంది అమ్మ.

డీలరు చెప్పిన ఆ పెద్ద మిషన్ వచ్చేదాకా షెడ్డు తాళం ఖాజా భాయ్ జేబులోనే ఉంది. ఆ తాళం సాక్షిగా ఒట్టేశాను: ఈ జన్మలో పసుపు ఎక్కడ కనబడినా దండం పెడతాను గానీ, స్క్రూడ్రైవర్ పెట్టను, పెట్టనివ్వను.